స్థాణువా, పురుషుడా? ఆయుధధారికి సంశయమే ధర్మం

మసక వెలుతురులో దారిన పడివున్న త్రాటిని చూచి సర్పమని భ్రమించడం వేదాంతగ్రంథాలలో పదేపదే కనిపించే దృష్టాంతం. అందులో భ్రాంతికి లోనైనవాడు భయపడతాడు, వెనుకకు తొలగుతాడు, దీపం తెచ్చి చూచి తన భయానికి తానే నవ్వుకుంటాడు. త్రాటికి ఏ హానీ జరగదు. అయితే భ్రాంతుని చేతిలో ఆయుధం ఉండి, ఎదుట ఉన్నది త్రాడు కాక మనిషి అయినప్పుడు ఆ దృష్టాంతం కేవలం తత్త్వవిచారణగా మిగలదు; ధర్మవిచారణ అవుతుంది. దీపం తరువాత వచ్చినా ప్రయోజనం ఉండదు.

ఆధునిక యుద్ధాలలో లక్ష్యం తప్పిన బాణం కంటే తప్పు లక్ష్యాన్ని గురి తప్పకుండా తాకిన బాణమే ఎక్కువ భయంకరమైనది. స్వపక్షంవారినే శత్రువులని, నిరాయుధులను ఆయుధధారులని భ్రమించి చంపిన ఘటనలు ఇందుకు సాక్ష్యం. వీటిని సాధారణంగా సమాచారలోపం క్రింద, యంత్రలోపం క్రింద జమకట్టడం పరిపాటి. కాని ఒక్కొక్క ఘటననూ విడదీసి పరిశీలిస్తే లోపించినది చాలాసార్లు సమాచారం కాదు, సంశయం.

1988 జూలై 3న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా నౌకాదళానికి చెందిన విన్సెన్స్ అనే యుద్ధనౌక ఇరాన్ ఎయిర్ 655 విమానాన్ని రెండు క్షిపణులతో కూల్చివేసింది. బందర్ అబ్బాస్ నుండి దుబాయికి బయలుదేరిన ఆ ఎయిర్‌బస్‌లోని 290 మందీ మరణించారు. వారిలో 66 మంది పిల్లలు. ఆ సమయంలో ఇరాన్ పడవలతో పోరాడుతున్న నౌకాసిబ్బంది, ఆ విమానాన్ని తమ మీదికి దిగివస్తున్న ఎఫ్-14 యుద్ధవిమానమని నమ్మారు. వాస్తవానికి అది దిగడం లేదు, పైకి పోతున్నది. పౌరవిమానాలు ప్రసారం చేసే సంకేతాన్నే ప్రసారం చేస్తున్నది. పౌరవిమానాలకు నిర్దేశించిన ఆకాశమార్గంలోనే సాగుతున్నది. ఆ నౌకలోని ఏజిస్ వ్యవస్థ ఆనాటికి అత్యాధునికమైనది; అది నమోదు చేసిన సమాచారంలో కూడా విమానం పైకి పోతున్నట్లే ఉన్నది. అయినా నౌకలోపల వినిపించిన మాట మాత్రం 'దిగుతున్నది' అని.

యంత్రనేత్రం సత్యాన్నే చూచింది. మనుష్యులు ఆ సత్యం స్థానంలో మరొకదానిని చూచారు. ఆ మరొకటి ఎక్కడి నుండి వచ్చింది?

అందుకు పధ్నాలుగు నెలలు వెనుకకు వెళ్లాలి. 1987 మే 17న అదే జలాలలో స్టార్క్ అనే మరొక అమెరికా నౌకపై ఇరాక్ విమానం రెండు ఎక్సోసెట్ క్షిపణులను ప్రయోగించింది. 37 మంది నావికులు మరణించారు. తమ విమానచోదకుడు ఆ నౌకను ఇరాన్ ఓడగా పొరబడినాడని ఇరాక్ చెప్పుకున్నది. సకాలంలో ఆత్మరక్షణ చేసుకోలేదన్న అపవాదు ఆ నౌకాధిపతి మీద పడింది. ఆ తరువాత గల్ఫ్‌లో సంచరించిన ప్రతి నౌకాధిపతి మనస్సులోనూ స్టార్క్ ఒక సంస్కారమై నిలిచింది: మరొకసారి ఆలస్యం జరుగరాదు.

శంకరభగవత్పాదుల అధ్యాసభాష్యం ప్రతిపాదించే విషయం ఈ సందర్భానికి ఎంతగా అన్వయిస్తుందో గమనించదగినది. భ్రమలో కనబడే సర్పం శూన్యం నుండి పుట్టదు. అది మునుపెన్నడో చూచిన సర్పపు జ్ఞాపకం. ఎదుటి వస్తువు మీద పరచుకొని దాని స్వరూపాన్ని కప్పివేస్తుంది. ఎన్నడూ పామును ఎరుగని వానికి త్రాటిలో పాము కనబడదు. విన్సెన్స్ సిబ్బంది చూచిన యుద్ధవిమానం స్టార్క్ మీదికి వచ్చిన విమానమే. పూర్వదృష్టమైన ఆ విమానం 290 మంది ప్రయాణికుల విమానం మీద ఆరోపితమైంది. అమెరికా నౌకాదళపు విచారణ నివేదిక సైతం దాదాపు ఈ నిర్ణయానికే వచ్చింది: ముందే మనస్సులో స్థిరపడిన కథకు అనుగుణంగా, తమకే తెలియకుండా, ఒత్తిడిలో ఉన్న సిబ్బంది సమాచారాన్ని వక్రంగా గ్రహించి ఉండవచ్చునని. అధ్యాస అన్న పదం ఆ నివేదికలో లేదు, అర్థం ఉన్నది.

2021 ఆగస్టు 29న కాబూల్‌లో జరిగినదీ ఇటువంటిదే. అంతకు మూడు రోజుల ముందు విమానాశ్రయద్వారం వద్ద జరిగిన ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికా సైనికులు, నూట యాభైకి పైగా ఆఫ్ఘన్ పౌరులు మరణించారు. మరొక దాడి రానున్నదన్న భయంతో అమెరికా డ్రోన్లు ఒక తెల్లని కారును గంటలతరబడి వెంబడించాయి. కారులో ఎక్కిస్తున్న నీటిడబ్బాలు ప్రేలుడు పదార్థాలుగా భాసించాయి. క్షిపణి తాకి పదిమంది మరణించారు. అందులో ఏడుగురు పిల్లలు. ఆ కారు నడిపినవాడు ఒక సహాయసంస్థ ఉద్యోగి. గంటలతరబడి చూచినా భ్రమ తొలగలేదంటే ఎక్కువసేపు చూడడమే సరిగా చూడడం కాదని అర్థం. పాము అని నిశ్చయించుకొని చూచేవానికి త్రాటి ప్రతి మెలికా పాము మెలికే.

ఇక్కడ న్యాయశాస్త్రం చేసిన ఒక విభాగం ఉపకరిస్తుంది. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో అయథార్థానుభవాన్ని సంశయం, విపర్యయం, తర్కం అని మూడుగా విభజించాడు. దూరాన నిలువుగా కనబడేది స్థాణువా, పురుషుడా అని మనస్సు రెండు కోటుల మధ్య ఊగడం సంశయం. స్థాణువును పురుషుడే అని నిశ్చయించడం విపర్యయం. రెండూ యథార్థజ్ఞానం కావు. అయినా వాటి మధ్య భేదం అపారమైనది. సంశయంలో ఉన్నవాడు ఇంకా వెదకుతాడు. దగ్గరకు వెళ్లి చేతులున్నాయా, తొఱ్ఱ ఉన్నదా అని పరీక్షిస్తాడు. విపర్యయంలో ఉన్నవాడు వెదకడు, ఎందుకంటే తనకు తెలుసునని అనుకుంటాడు. గౌతముడు తన పదహారు పదార్థాలలో సంశయానికి స్థానమిచ్చింది దానిని దోషంగా ఎంచి కాదు. నిర్ణయానికి దారి సంశయం గుండానే పోతుంది కనుక. సైనికశిక్షణలో మాత్రం సంశయానికి పిరికితనమన్న పేరు వచ్చి, విపర్యయానికి దృఢసంకల్పమన్న పేరు వస్తే ఫలితం ఏమవుతుందో పై ఘటనలు చెబుతాయి.

స్వపక్షంవారినే హతమార్చిన ఘటనలలో మరొక ప్రమాణం, అనగా శబ్దం, ఎలా చెడుతుందో కనిపిస్తుంది. 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్ గగనతలంలో రెండు అమెరికా ఎఫ్-15 యుద్ధవిమానాలు రెండు అమెరికా బ్లాక్ హాక్ హెలికాప్టర్లను కూల్చివేశాయి. అందులోని 26 మందీ మరణించారు. యుద్ధవిమానచోదకులు దగ్గరగా వెళ్లి కంటితో చూచారు కూడా. అదనపు ఇంధనపు తొట్లు తగిలించిన ఆ హెలికాప్టర్లు వారికి సోవియట్ తయారీ హైండ్ హెలికాప్టర్లుగా తోచాయి. మొదటి చోదకుడు అవి హైండ్ హెలికాప్టర్లని ప్రకటించాడు. రెండవవాడు తనకు రెండు హెలికాప్టర్లు కనబడుతున్నాయన్న అర్థంలో బదులిచ్చాడు. మొదటివాడు దానిని తన గుర్తింపుకు ధ్రువీకరణగా గ్రహించాడు. పలికినవాని మాటలో అసత్యం లేదు; వక్త తాత్పర్యం ఒకటి, శ్రోత గ్రహించిన తాత్పర్యం మరొకటి. ఆ ప్రాంతాన్ని ఆకాశం నుండి పర్యవేక్షిస్తున్న అవాక్స్ విమానంలో ఆ హెలికాప్టర్ల సంచారం తెలిసినవారు ఉన్నారు. వారూ అడ్డుచెప్పలేదు. ప్రతి ఒక్కరూ మరొకరికి తెలిసే ఉంటుందని అనుకున్న చోట, తెలిసినవాడు ఎవడూ మిగలలేదు.

భారతదేశం కూడా ఈ దుఃఖానికి అతీతం కాదు. బాలాకోట్ దాడి జరిగిన మరునాడు, 2019 ఫిబ్రవరి 27న, సరిహద్దు గగనతలంలో యుద్ధవిమానాలు తలపడుతున్న వేళ, శ్రీనగర్ సమీపంలోని బడ్గాం వద్ద భారత వైమానికదళపు ఎంఐ-17 హెలికాప్టర్‌ను భారత క్షిపణియే కూల్చివేసింది. హెలికాప్టర్‌లోని ఆరుగురు వైమానికదళ సిబ్బంది, నేలపై ఉన్న ఒక పౌరుడు మరణించారు. ఆ దినాన ఆకాశంలో కనబడిన ప్రతిదానిలోనూ శత్రువును ఊహించుకోవడం సులభం. ఆ సౌలభ్యమే ప్రమాదం.

స్వపరభేదాన్ని గుర్తించే సమస్య రాడార్‌తో పుట్టినది కాదు. భీష్మపర్వారంభంలోనే, యుద్ధం మొదలుకాకముందు, ధర్మరాజు తన సైనికులకు పేర్లను, సంజ్ఞలను, గుర్తులను నియమించిన ప్రస్తావన ఉన్నది. తుములయుద్ధంలో తనవారెవరో తెలియడానికి. ద్రోణపర్వంలో రాత్రియుద్ధం వర్ణించేటప్పుడు, చీకటిలో తనవారెవరో పరులెవరో తెలియక యోధులు తమ పేర్లు చెప్పుకుంటూ పోరాడారని, చివరకు పదాతుల చేతికి దీపాలు ఇవ్వవలసివచ్చిందని వ్యాసుడు చెబుతాడు. నేడు విమానాలలో ఉండే స్వపరపరిచయ యంత్రం ఆ పేరు చెప్పుకోవడానికి విద్యుద్రూపమే. అయితే అది బదులు చెప్పినప్పుడు మాత్రమే ఒక విషయాన్ని నిరూపిస్తుంది. బదులు రాకపోవడం శత్రుత్వానికి ప్రమాణం కాదు. మౌనంగా ఉన్నవాడు శత్రువు కావచ్చు, యంత్రం చెడిన మిత్రుడు కావచ్చు, ఆ భాషే తెలియని పౌరుడు కావచ్చు. 2003 మార్చి 23న ఇరాక్ యుద్ధంలో కువైట్‌లోని స్థావరానికి తిరిగివస్తున్న బ్రిటిష్ టోర్నడో విమానాన్ని అమెరికా పేట్రియాట్ వ్యవస్థ శత్రుక్షిపణిగా వర్గీకరించింది. పరిచయ సంకేతానికి బదులు రాలేదు. మిత్రపక్షపు క్షిపణితో ఇద్దరు వైమానికులు మరణించారు.

యంత్రాన్ని నిందించడం సులభం. కాని యంత్రం తనను అడిగినదానికే జవాబు చెబుతుంది. 2001 డిసెంబరు 5న ఆఫ్ఘనిస్తాన్‌లో కాందహార్ సమీపాన ఒక అమెరికా సైనికుడు జీపీఎస్ పరికరంలో బ్యాటరీ మార్చాడు. మార్చిన తరువాత పరికరం శత్రుస్థానాన్ని కాక, తాను ఉన్న స్థానాన్నే చూపింది. ఆ అంకెలే బీ-52 విమానానికి అందాయి. రెండువేల పౌండ్ల బాంబు ఎంతో కచ్చితంగా, అడిగినవారి మీదనే పడింది. ముగ్గురు అమెరికా సైనికులు, వారితో ఉన్న ఆఫ్ఘన్ యోధులు పలువురు మరణించారు; తరువాత దేశాధ్యక్షుడైన హమీద్ కర్జాయ్ స్వల్పంగా గాయపడ్డారు. పరికరం అసత్యం చెప్పలేదు. 'ఈ స్థానం ఎవరిది?' అన్న ప్రశ్న ఆ క్షణాన ఎవరికీ కలగలేదు, అంతే. కచ్చితత్వం వేరు, యాథార్థ్యం వేరు. ఆయుధం ఎంత కచ్చితమైనదైతే ప్రయోక్త జ్ఞానం అంత యథార్థమై ఉండాలి.

దీనికి బలమైన పూర్వపక్షం ఒకటి ఉన్నది, దానిని తేలికగా త్రోసిపుచ్చడం న్యాయం కాదు. యుద్ధభూమి తర్కశాల కాదు. స్థాణువా పురుషుడా అని విచారిస్తూ నిలుచుంటే ఆ పురుషుడు ఈలోగా బాణం వేస్తాడు. స్టార్క్ నౌకలో మరణించిన 37 మంది సంశయానికి మూల్యం చెల్లించినవారే. సైనికుడు తన ప్రాణాన్నే కాదు, తన సహచరుల ప్రాణాలనూ కాపాడవలసినవాడు. విన్సెన్స్ నౌకాధిపతికి నిర్ణయానికి దొరికినవి కొన్ని నిమిషాలు మాత్రమే. సురక్షితమైన గదిలో కూర్చొని సంశయధర్మాన్ని బోధించడం సులభమని ఆక్షేపించేవారి మాటలో సత్యం ఉన్నది.

సిద్ధాంతం చెప్పేది ఇంతమాత్రమే. అవే నిమిషాలలో, అదే సముద్రంలో, సమీపాన ఉన్న సైడ్స్ అనే అమెరికా నౌక అదే విమానాన్ని తన రాడార్‌లో చూచింది. దాని అధిపతి డేవిడ్ కార్ల్‌సన్ ఆ విమానం వల్ల ముప్పు లేదని నిర్ణయించుకున్నాడు. కాలం ఒకటే, భయానికి కారణాలూ ఇంచుమించు ఒకటే. చూచిన తీరు వేరు. కనుక వేగంగా నిర్ణయించడం, సంశయించడం అన్నవి పరస్పరవిరుద్ధాలు కావు. సంశయం యుద్ధక్షణంలో నేర్చుకొనేది కాదు. దానికి ముందే అభ్యాసంతో స్వభావంగా మారవలసినది. ధనుర్ధారికి గురి ఎలా అభ్యాసబలం చేత సహజమవుతుందో, 'ఇది మరొకటి అయితే?' అన్న ఒక్క ప్రశ్న కూడా అలాగే సహజం కావాలి. ఆ ప్రశ్న అడిగిన క్రిందివానిని పైవాడు మందలించని సంప్రదాయం ఉండాలి. నౌకలో 'పైకి పోతున్నది' అని చదివిన కంఠానికి 'దిగుతున్నది' అన్న కంఠంతో సమానమైన స్థానం ఉండాలి.

నేడు లక్ష్యనిర్ణయంలో కృత్రిమ మేధను వినియోగించే ప్రయత్నాలు పలు దేశాలలో సాగుతున్నాయి. వాటి సమర్థకులు ప్రధానంగా చెప్పుకొనే గుణం వేగం. కాని చూడడానికీ వేయడానికీ మధ్య ఉన్న వ్యవధిని తగ్గించడమంటే సంశయానికి ఉన్న చోటును తగ్గించడమే. పూర్వదృష్టాల రాశి నుండి నేర్చుకొన్న యంత్రం ఎదుటిదానిలో పూర్వదృష్టాన్నే వెదకుతుంది. ఆ లెక్కన అధ్యాసే దాని స్వభావం. దానికి బాధకజ్ఞానం కలిగించవలసినవాడు మనిషి. ఆ మనిషి తెరమీద వచ్చినదానికి తల ఊపడమే పనిగా పెట్టుకుంటే, బాధకజ్ఞానానికి ఆశ్రయమే ఉండదు.

లక్ష్యం పొరబడిన ఆయుధధారి కథ భారతీయులకు క్రొత్తది కాదు. యువరాజుగా ఉన్న దశరథుడు వర్షాకాలపు రాత్రి సరయూతీరంలో, కుంభంలో నీరు నిండుతున్న ధ్వనిని విని ఏనుగని భ్రమించి బాణం వేశాడు. కంటితో చూడకుండా శబ్దాన్ని బట్టి కొట్టగలనన్న విద్య మీది గర్వమే ఆ రాత్రి ఆయన సంశయాన్ని హరించింది. బాణం గురి తప్పలేదు. తగిలినది అంధులైన తల్లిదండ్రులకు నీళ్లు తీసుకుపోతున్న మునికుమారునికి.

ఈ కథలో తరచు శాపమే జ్ఞాపకం ఉంటుంది. శాపానికి ముందు జరిగినది అంతకంటె ముఖ్యం. చీకటిలో చూచినవారెవరూ లేరు. దశరథుడు రథమెక్కి అయోధ్యకు పోయి ఉండవచ్చు. ఆయన ఆ కుంభాన్నే నీటితో నింపుకొని ఆ వృద్ధుల వద్దకు నడిచి, తానెవరో, ఏమి చేశాడో తన నోటితోనే చెప్పాడు. స్వయంగా వచ్చి చెప్పకపోయివుంటే శిరస్సు వేయి ముక్కలకు మించి పగిలివుండేదని ఆ తండ్రి అంటాడు. అనగా వాల్మీకి దృష్టిలో తెలియక చేసిన వధకు ఫలం తప్పదు. కాని తెలిసి దాచిన వధ అంతకంటె ఘోరం.

ఈ కొలతతో చూస్తే ఆధునిక రాజ్యాల ప్రవర్తన తేటపడుతుంది. ఇరాన్ ఎయిర్ విమానం విషయంలో అమెరికా 1996లో మృతుల కుటుంబాలకు 6 కోట్ల 18 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. న్యాయపరమైన బాధ్యతను మాత్రం అంగీకరించలేదు. నౌకాధిపతికి ఆ తరువాత పతకం కూడా లభించింది. కాబూల్ దాడిని మొదట ధర్మబద్ధమైనదని సమర్థించి, పత్రికల పరిశోధన వెలువడిన పిదప పొరపాటని ఒప్పుకున్నారు. ఎవరినీ శిక్షించడం లేదని ప్రకటించారు. బడ్గాం ఘటనలో విచారణ ముగిసిన తరువాత, 2019 అక్టోబరులో, వైమానికదళాధిపతి ఆర్.కె.ఎస్. భదౌరియా అది తమవైపు జరిగిన పెద్ద తప్పు అని బహిరంగంగా అంగీకరించారు. ఏడు నెలలు గడచిన తరువాతనైనా ఆ మాట రావడం మేలు. ఆ ఏడు నెలలూ మృతుల కుటుంబాలు ఎదురుచూచాయన్నదీ మరువరాదు.

భాష కూడా ఈ దాపరికంలో పాలుపంచుకుంటుంది. స్వజనహననానికి 'ఫ్రెండ్లీ ఫైర్' అని పేరు; మైత్రికీ ఆ అగ్నికీ సంబంధమేమిటో ఆ పేరు పెట్టినవారే చెప్పాలి. పౌరుల మరణానికి 'అనుషంగిక నష్టం' అని పేరు. పేరు మారితే వస్తువు మారదు. అయితే ఆ పేర్లకు అలవాటుపడిన మనస్సు తరువాతి రాత్రి మరింత తేలికగా విల్లెక్కుపెడుతుంది.

అవిద్య వల్ల జరిగినది కనుక దోషం లేదని వేదాంతం పేరిట వాదించేవారూ ఉండవచ్చు. అది వేదాంతం కాదు. అవిద్యను తొలగించుకొనే సామర్థ్యం ఉండి తొలగించుకోకపోవడం ప్రమాదం, అనగా ఏమరుపాటు. దానిని మృత్యువుతో సమానంగా చెప్పిన సంప్రదాయం ఇది. ఆయుధం ధరించిన వ్యక్తికీ, ఆయుధం అందించిన రాజ్యానికీ రెండు కర్తవ్యాలు మిగులుతాయి. బాణం విడవక ముందు స్థాణువా పురుషుడా అని అడగడం మొదటిది. బాణం తప్పు చోట తగిలినప్పుడు, చూచినవారెవరూ లేకపోయినా, నీటికుండ పట్టుకొని ఆ తల్లిదండ్రుల గడపదాకా నడవడం రెండవది.